ఊ కొట్టేవాళ్ళు కావాలి

ఒకానొక కాలంలో మణిగిరి అనే చిన్న రాజ్యం ఉండేది. దాన్ని ఏలే విజయకేతనుడికి తన గొప్పంటే తనకే మహా ముద్దు. వీధిబడి పిల్లల కోసమని పాలరాతి పుస్తకశాల కట్టించి, పుస్తకాలు మాసిపోతాయని తాళం వేయించి, బెత్తంతో ఒక పండితుణ్ణి కూర్చోబెట్టాడు.

ఒకనాడు రాజుగారే పరీక్షకు వచ్చారు. పిల్లలు నాలుగు ముక్కలు చదివి బిక్కమొహాలు వేశారు. ఒకడైతే ఆవలించాడు కూడా.

"వీళ్ళకి చదువెందుకు? బడి మూసేసి గొడ్లు కాచుకోమనండి" అన్నాడు రాజు.

గుమ్మం దగ్గర నిలబడ్డ పోలమ్మ గుండె జారిపోయింది. చింతపండు గింజలు తీసి బతికే మనిషి ఆమె. వాళ్ళ వంశంలో పుస్తకం పట్టిన మొదటి మనిషి కూతురు గవరమ్మే.

రాజుగారి కొలువులో సోమన్న అని ఒక మాటకారి ఉన్నాడు. అతను పోలమ్మ మొహం చూశాడు.

"మహారాజా, తమరు అన్నీ ఇచ్చారు. ఊ కొట్టేవాళ్ళనే ఇవ్వలేదు. వినేవాళ్ళు ఊ అనకపోతే ఏ కథ ముందుకు సాగుతుంది? ఒక్క నెల గడువు ఇప్పించండి."

రాజు మీసం దువ్వాడు. "మహాపండితులు చదివినా మేం ఊ అనం. ఒక వీధిపిల్ల చదువుకు మా చేత ఊ అనిపించు, బడి ఉంటుంది. లేదా, మూతే."

సోమన్న తాళం తీయించి పుస్తకాలు ఇళ్ళకు పంపాడు. తిన్నగా పోలమ్మ దగ్గరికి వచ్చాడు.

"అమ్మా, పిల్ల చదువుతుంటే నువ్వు ఊ కొట్టాలి."

"నాకు అక్షరం ముక్క రాదు బాబూ."

"అందుకే అడుగుతున్నా. వచ్చినవాళ్ళు తప్పులు పడతారు. రానివాళ్ళు తర్వాతేమైందని అడుగుతారు."

పోలమ్మ ఇంటి అరుగు మీద చింతపండు ముందేసుకుని ఊ కొట్టింది. చేతులు గింజల మీద, చెవులు పిల్ల మీద. ఇంట్లో వినే దిక్కులేని పిల్లలు కూడా ఆ అరుగు మీదికే చేరారు. కుమ్మరి అప్పలస్వామి, కాలు విరిగిన పాత సిపాయి పిలవకుండానే వచ్చి వంతులేసుకుని విన్నారు. అందరూ "తర్వాత?" అంటుంటే పిల్లలు పుస్తకం దింపలేదు.

నెల తిరిగింది. రాజు వచ్చి పెదవులు బిగించి అరుగు మీద కూర్చున్నాడు. గవరమ్మ చదవసాగింది. ఏటి మధ్యలో పడవ. పడవలో ఎవరిదో తెలియని మూట.

"మూట కదిలింది."

"ఊ" అన్నారు అందరూ.

"పడవవాడు వణుకుతూ ముడి విప్పాడు."

సోమన్న తల గోక్కున్నాడు. అది ముందే చెప్పుకున్న గుర్తు. అందరూ నోళ్ళు కట్టేసుకున్నారు. ఊ లేనిదే చదవడం అలవాటు లేని గవరమ్మ ఆగిపోయింది.

రాజు ఇటు చూశాడు, అటు చూశాడు. పోలమ్మ గింజలు తీస్తూనే ఉంది.

"ఊ" అన్నాడు రాజు. ఆగలేక, "ఊ, తర్వాత? మూటలో ఏముందే పిల్లా?"

"బడి ఉంది మహారాజా" అన్నాడు సోమన్న.

రాజు పొట్ట పట్టుకుని నవ్వాడు. "మమ్మల్నే బుట్టలో వేశావు కదయ్యా" అని మెడలో హారం తీసి సోమన్నకు వేశాడు. "బడి ఉంటుంది. పుస్తకాలు ఇళ్ళలోనే ఉంటాయి. ముందా మూట సంగతి తేల్చండి."

రాజు వెళ్ళాక పోలమ్మ సోమన్న ముందు నిలబడింది. శుభ్రం చేసిన చింతపండు దోసెడు తీసి అతని ఉత్తరీయంలో పోసింది.

"నా దగ్గర ఇదే ఉంది బాబూ."

సోమన్న హారాన్ని మొలలో దోపుకుని, చింతపండును మాత్రం రెండు చేతులా పట్టుకుని ఇంటికి నడిచాడు.