గవరమ్మ చెంప

మేదరి గవరమ్మకి అన్యాయం జరిగింది. ఎప్పుడంటారా? ఏరు మాట్లాడితే వెదురు ఊకొట్టే కాలంలో, ఓ శ్రావణ మాసంలో. చేసింది పెద్దింటివాళ్ళు. తర్వాత మీరు మరిచిపోతారేమోనని ముందే చెప్పేస్తున్నా.

గవరమ్మ చేటలల్లేది. తోటి ఆడవాళ్ళు మూడల్లే పొద్దుకి తను ఒకటల్లేది. వెదురు దబ్బని చెక్కేది, నున్నగా గీకేది, చెంపకి రాసుకునేది. చెంప ఒప్పుకుంటేనే అల్లేది. ఒప్పుకోకపోతే మళ్ళీ చెక్కేది, గీకేది, చెంపకి రాసుకునేది.

"చేట అల్లుతున్నావా, ముద్దులాడుతున్నావా?" అనేది అత్త సింగారి.

"బియ్యం చెరిగే చేటలోనే బిడ్డనీ పడుకోబెడతారు గదత్తా. బియ్యానికి నొప్పి తెలీదు, బిడ్డకి తెలుస్తుంది."

"సరే, ఇవాళ గంజి కూడా ఆ చెంపనే పొయ్యమను!"

పెద్దింటి కోడలు నీలవేణికి ఆడపిల్ల పుట్టింది. గవరమ్మ చేటలో పట్టుగుడ్డ పరిచి పిల్లని పడుకోబెట్టారు. పిల్ల కెవ్వుమంది. ఎత్తుకుంటే ఊరుకుంటుంది, పడుకోబెడితే కెవ్వుమంటుంది. వీపు మీద ఎర్రటి గీతలు.

"మేదరిదాని చేటలో పేడు గుచ్చుకుంది! దాని కత్తి లాక్కురండి, ఇక చేటలెలా అల్లుతుందో చూస్తా!" అంది నీలవేణి అత్తగారు.

చేటని ఒక్కసారైనా తడిమి చూసినవాళ్ళు లేరు. కత్తి లాక్కోడానికి మాత్రం నలుగురు మగాళ్ళు లేచారు.

కత్తి లేని మేదరిది ఏం తింటుంది? గవరమ్మ ఏడ్చింది. అయితే ఆమె చెవిలో మోగుతున్నది తన ఏడుపు కాదు, పిల్ల ఏడుపు. పెద్దింట్లో చేట మార్చారు, పిల్ల ఊరుకోలేదు. ఇంకోటి మార్చారు, ఊరుకోలేదు. మూడోది మార్చారు, ఊరుకోలేదు. అంత పెద్దింట్లో ఒక్క బుర్రకీ ఏమీ తట్టలేదు.

గవరమ్మ కళ్ళు తుడుచుకుని, పిలవకుండానే వెళ్ళి పురిటి గది గడప దగ్గర నిలబడింది.

"కత్తి కోసం వచ్చావుటే?" అంది అత్తగారు.

"పిల్ల కోసం వచ్చానమ్మగారూ. నా చేట ఇలా ఇవ్వండి."

చేటంతా చెంపకి రాసుకుంది. చెంప ఒప్పుకుంది. తర్వాత పిల్ల కింద పరిచిన గుడ్డ అడిగింది. కొత్త పట్టు, నిండా జరీ పువ్వులు. అదీ రాసుకుంది. చెంప మీద నెత్తుటి చార లేచింది.

"మా జరీ మీద నింద వేస్తావా?"

"నేను వెయ్యలేదమ్మగారూ, నా చెంప వేసింది."

తన పాత చీర కొంగు చించి చేటలో పరిచింది. పిల్లని పడుకోబెట్టింది. పిల్ల ఒక్కసారి ఆవలించి నిద్రపోయింది. అత్తగారు మొహం అటు తిప్పుకుంది. నీలవేణి మాత్రం, పచ్చి బాలింతైనా, గోడ పట్టుకుని లేచింది. కత్తి తెచ్చి తన చేత్తోనే గవరమ్మకి ఇచ్చింది.

ఇంటికెళ్ళాక సింగారి కోడలి చెంపకి పసుపు అద్దింది. "దీన్ని జాగ్రత్తగా చూసుకోవే. రేపు బోలెడు దబ్బలు గీకాలి" అంది.

ఇప్పటికీ ఆ వైపు ఊళ్ళలో బిడ్డ పుడితే పాత చీరే పరుస్తారు. ముందుగా ఇంటి ముసలమ్మ చేటనీ గుడ్డనీ చెంపకి రాసుకుని, "గవరమ్మా, ఒప్పుకున్నావా?" అని అడుగుతుంది. "ఒప్పుకున్నా, పడుకోబెట్టు" అంటారు చుట్టూ ఉన్న ఆడవాళ్ళు. మేదరిళ్ళలో ఏడాదికోసారి కత్తులు కడిగి పసుపు రాస్తారు. ఆ పెద్దిల్లు ఎక్కడుండేదో ఇప్పుడెవరికీ తెలీదు. కత్తి తిరిగొచ్చిన రోజు మాత్రం పిల్లల్నడిగినా చెబుతారు: శ్రావణ బహుళ తదియ.