వార్డంతా ఇరవై

ప్రశ్న అడిగితే జవాబు చెప్పే అలవాటు మా సువార్తమ్మ మేడమ్ గారికి లేదు. "చెప్పులు తొడుక్కోండి, వార్డుకి పోదాం" అనేవారు. నర్సింగ్ స్కూల్లో ముప్పై ఏళ్ళు పాఠం చెప్పిన మనిషి, ఏ సందేహానికీ పుస్తకం తెరవగా నేను చూడలేదు. అందుకే మేం ప్రశ్నలు అడగడం దాదాపు మానేశాం. స్కూలు నుంచి వార్డుకి మిట్ట ఎండలో రెండు బ్లాకులు నడవాలి మరి.

యామిని మాత్రం అడిగేది. మా బ్యాచికి ఫస్టు ర్యాంకు. చేతిరాత ముత్యాల్లా ఉండేది, చార్టులో కొట్టివేత అన్నది కనపడేది కాదు. రెండో సంవత్సరంలో ఒకనాడు లేచి నిలబడి ఇలా అడిగింది: "మేడమ్, మగవాళ్ళ సర్జికల్ వార్డులో ముప్పై మంది ఉన్నారు. ఒక్కొక్కరి ఊపిరి నిమిషం పాటు లెక్కపెడితే అరగంట దానికే పోతుంది. ఎవరిది చూసినా ఇరవైకి అటూ ఇటూనే. మరి ఆ అరగంట దేనికి మేడమ్?"

ప్రశ్నలో న్యాయం లేకపోలేదు. ఆ ఇరవై మా సీనియర్లు మాకు అప్పగించిన ఆస్తి. జ్వరానికి థర్మామీటరు ఉంది, బీపీకి పట్టీ ఉంది. ఊపిరికి ఏ సామానూ లేదు, ఊరికే నిలబడి రోగి రొమ్ము వంక చూడాలి. ఊరికే నిలబడ్డ పిల్ల కనపడితే హెడ్ నర్సు ఊరుకుంటుందా, బెడ్‌పాన్లు కడగమంటుంది. అందుకని అందరికీ ఇరవై. నేనూ రాశాను, అబద్ధమెందుకు.

మేడమ్ గారు కళ్ళజోడు తుడుచుకున్నారు. "చెప్పులు తొడుక్కోండి" అన్నారు. ఆవిడ వెనక యామిని, యామిని వెనక దాన్ని మనసులో తిట్టుకుంటూ నేను.

వార్డులో ఆ పొద్దున చార్టులు రాసింది యామినే. మేడమ్ గారు మొదటి మంచం నుంచి మొదలుపెట్టి హాజరు పిలిచినట్టు పైకి చదివారు. ఒకటో మంచం, ఇరవై. రెండు, ఇరవై. మూడు, ఇరవై. తొమ్మిదో మంచం దగ్గర ఆగారు. అక్కడ రోగి తల మీదుగా దుప్పటి కప్పుకుని పడుకుని ఉన్నాడు. చార్టులో జ్వరం లేదు, నాడి డెబ్బై ఆరు, ఊపిరి ఇరవై. మేడమ్ గారు వాచీ చూసుకుంటూ ఆ దుప్పటి పక్కన నిండా నిమిషం నిలబడ్డారు. తర్వాత దుప్పటి మెల్లగా ఎత్తారు.

కింద ఒక గుడ్డ సంచి, ఒక ఫ్లాస్కు, డజను అరటిపళ్ళు. ఆ మంచం తాలూకు ఆసామి తెల్లారుతూనే గెడ్డం గీయించుకోడానికి బయటికి పోయాడట. బస్సులో సీటు మీద తువ్వాలు వేసినట్టు, ఇంకెవరూ ఆక్రమించకుండా మంచం మీద సామాను పరిచి పోయాడు. నిద్రపోతున్న మనిషిని లేపడమెందుకని యామిని జాలిపడి, మూడు అంకెలూ వేసేసింది.

"అరటిపళ్ళకి జ్వరం లేదు, సంతోషం" అని మేడమ్ గారు దుప్పటి మళ్ళీ కప్పేశారు. నేను నవ్వాపుకోలేక గోడవైపు తిరిగాను. యామిని మొహం కందిపోయింది.

పదకొండో మంచం సన్యాసయ్యది. పెళ్ళిళ్ళలో సన్నాయి వాయించే మనిషి, హెర్నియా ఆపరేషనై అయిదోరోజు. చేరిన నాటి నుంచి వార్డంతా ఆయన కబుర్లే. ఆ మధ్యాహ్నం పన్నెండింటికి డిశ్చార్జి. కాగితం మీద హౌస్ సర్జన్ సంతకం కూడా అయిపోయింది, 'అన్నీ నార్మల్' అని మా చార్టు చూసే రాశారు. ఊరు కొండల్లో, షేరాటోలో మూడు గంటల దారి. భార్య ఎర్రయ్యమ్మ మూట కట్టుకుని కూర్చుంది.

"లెక్కపెట్టు" అన్నారు మేడమ్ గారు.

యామిని వాచీ పట్టుకుని ముందుకొచ్చి, "తాతగారూ, మీ ఊపిరి లెక్కపెడతాను, మామూలుగా పీల్చండి" అంది మర్యాదగా. ఇక ఆయన మామూలుగా ఎందుకు పీలుస్తాడు? నలభై ఏళ్ళు ఊపిరి మీద బతికిన మనిషి, దాన్నెవరో పరీక్షిస్తామంటే ఊరుకుంటాడా? వీపు నిటారుగా పెట్టి, బుగ్గలు పూరించి, తాళికట్టు వేళకి సిద్ధమైనట్టు గాలి బిగబట్టాడు. పది అంకెలు లెక్కపెట్టేంతసేపు కూడా కాలేదు. దగ్గు తెర ముంచుకొచ్చింది, కుట్లు పట్టుకుని వంగిపోయాడు.

మేడమ్ గారు మంచం మీద కూర్చుని ఆయన మణికట్టు పట్టుకున్నారు. "నాడి చూస్తాను గానీ, మీరు వాయించిన పెళ్ళిళ్ళలో గొప్పదేదో చెప్పండి" అన్నారు. వేళ్ళు నాడి మీదున్నాయి, కళ్ళు మాత్రం ఆయన చొక్కా బొత్తాల మీద.

"గొప్పదంటే... పార్వతీపురంలోనమ్మా... షావుకారింట... మూడు రోజులు... ఆపకుండా..." అంటూ ఆయన చెప్పుకొచ్చాడు. కథ పెళ్ళి పందిట్లోకి వచ్చేసరికి నిమిషం అయిపోయింది.

"ఏం విన్నావు?" అని మేడమ్ గారు యామినిని అడిగారు.

"పార్వతీపురం పెళ్ళి కథ, మేడమ్."

"సోమవారం నాడు ఇదే కథ ఈయన నాకు చెప్పాడు. వధువు మేనమామ అలక దాకా గుక్క తిప్పుకోలేదు."

ఎర్రయ్యమ్మ కలగజేసుకుంది. "నిజమేనమ్మా. నలభయ్యేళ్ళ కాపరంలో నా మాటకి అడ్డు రానిది నిన్న సాయంత్రమే. ఆపరేషనుతో గుణం మారిందనుకుని నూకాలమ్మకి కోడిపుంజుని మొక్కుకున్నాను."

యామిని వాచీ తీసింది. ఈసారి ఏమీ చెప్పలేదు, తానూ మణికట్టు పట్టుకుని, బొత్తాల వంక చూస్తూ నిలబడింది. నేనూ పక్కనే లెక్కపెట్టాను. ముప్పై ఆరు. చార్టులో మాత్రం ముత్యాల్లాంటి అక్షరాల్లో ఇరవై.

తర్వాత అంతా పరుగులే. వేలికి మిషను పెడితే రక్తంలో ఆక్సిజన్ తొంభై అయిదైనా ఉండాల్సింది ఎనభై ఏడు చూపించింది. ఆక్సిజన్ పెట్టారు, డాక్టరు గారు వచ్చి వీపు మీద స్టెత్ పెట్టి డిశ్చార్జి కాగితం తానే చింపేశారు. కుట్లు నొప్పి పుడతాయని ఆయన దగ్గకుండా బిగబట్టుకుని పడుకోవడంతో కుడి ఊపిరితిత్తి అడుగున నిమ్ము చేరింది. ఇంకో గంటలో షేరాటో ఎక్కించి ఉంటే, కొండ దారిలో ఏ మలుపు దగ్గరో తెలిసేది. అంతకు ముందురోజు చార్టు రాసింది నేను. అందులోనూ ఇరవైయే.

ఆ తర్వాత పన్నెండోనాటికి సన్యాసయ్య ఎర్రయ్యమ్మ మాటకి నాలుగుసార్లు అడ్డు తగిలాడు. ఆవిడ కొంగు నోట పెట్టుకుని ఏడుస్తూ నవ్వింది. మొక్కు సంగతి ఏం చేయాలో తోచక, కోడిపుంజు ఎలాగూ ఇచ్చుకోవాల్సిందే అంది.

ఆ రోజు స్కూలుకి తిరిగొస్తుంటే యామిని ఎండలోనే ఆగిపోయింది.

"మేడమ్, ఆయన ఆ పొద్దున మంచం మీదే పోయి ఉంటే నేనేం చేసేదాన్ని?"

సువార్తమ్మ మేడమ్ గారు గొడుగు దాని వైపు కొంచెం వంచారు.

"ఇరవై అని రాసేదానివి."