గొంతు పోయిన కెప్టెన్

విశాఖపట్నం పెదవాల్తేరులో, చేతిలో ఉన్న పనిని చచ్చినా ఇంకొకరికి అప్పజెప్పని త్రివిక్రమరావు అనే ఆయన ఒంటరిగా ఉండేవాడు. ఒకప్పుడు ఓడలకు దారి చూపించి రేవులోకి తెచ్చిన మనిషి. అందుకని రిటైరై ఏళ్లు గడిచినా అందరూ కెప్టెన్‌గారూ అనే పిలిచేవారు. పిలవడమంటే, ఎదురుపడితే పిలిచేవారు. భార్య పోయింది, పిల్లలు లేరు. ఆ ఇంట్లో ఆయన కాక మాట్లాడేది టీవీ ఒక్కటే.

ఏడాదిలో ఒక్క వారం మాత్రం ఆ ఇల్లు పెళ్లివారిల్లులా మోగిపోయేది. అది గోల్ఫ్ పందెం వారం. పందెం అనగానే కంగారు పడకండి, ఇందులో ఎవరి జేబులోకీ పైసా వెళ్లదు. వానాకాలంలో ఎక్కడో దూరదేశంలో నాలుగు రోజులు పెద్ద గోల్ఫ్ పోటీ జరిగేది. మన గోల్ఫ్ క్లబ్బు సభ్యులు తలా కొంత చందా వేసుకుని, ఆ పోటీలోంచి తలా నలుగురు ఆటగాళ్లను ఎంచుకునేవారు. గోల్ఫ్‌లో బంతిని ఎంత తక్కువసార్లు కొడితే అంత గొప్ప కదా. ఎవరి నలుగురూ కలిసి అందరికంటే తక్కువ దెబ్బల్లో ఆట ముగిస్తే ఆ సభ్యుడే విజేత. చందా మొత్తం పెద్దాసుపత్రి పక్క సందులో సుగుణమ్మ నడిపే వంటశాలకు వెళ్లేది. ఊళ్ల నుంచి రోగుల్ని తెచ్చుకుని, తిండికి దిక్కులేక తిరిగే వాళ్లకు ఆవిడ మధ్యాహ్నం పూట అన్నం పెట్టేది. గెలిచినవాళ్లకు బహుమతి ఒక గరిటె. దాంతో ఒకరోజు అక్కడికెళ్లి వడ్డించాలి. నమ్మండి నమ్మకపొండి, ఆ గరిటె కోసం కార్లలో తిరిగే పెద్దమనుషులు చిన్నపిల్లల్లా కొట్టుకునేవారు.

ఈ పందెం నడిపేది కెప్టెన్ ఒక్కడే. దీనికి రెండే నియమాలు. పేర్లు కెప్టెన్‌కే ఫోన్ చేసి చెప్పాలి. పోటీలో తొలి బంతి కొట్టేలోపే చెప్పాలి. ఆ తరవాత దేవుడు దిగొచ్చినా పేరు ఎక్కదు.

ఆ ఏడు క్లబ్బులో కొత్తగా చేరిన పళ్ల డాక్టరు హైమవతి ఆయన దగ్గరికి వచ్చింది. "కెప్టెన్‌గారూ, ఇంతమందితో మీరొక్కరే ఎందుకండీ గొంతు చించుకోవడం? వాట్సాప్‌లో ఒక గ్రూపు పెడదాం. సగం పని నాకివ్వండి" అంది.

"అబ్బే, ఇది మీ వల్ల అయ్యే పని కాదమ్మా" అన్నాడు ఆయన, గడ్డం పైకెత్తి.

పైకి అదీ మాట. లోపలి సంగతి వేరు. గ్రూపు పెట్టేస్తే ఇంక తనకెవరు ఫోన్ చేస్తారు? ఆ ఒక్క వారం కోసమే ఆయన మిగతా ఏడాదంతా ఈడ్చుకొచ్చేవాడు. ఆ మాట ఎవరితో చెప్పుకుంటాడు, పాపం!

పోటీ గురువారం మొదలనగా, మంగళవారం సాయంత్రం ఆయన వానలో నిలువునా తడిశాడు. బుధవారం లేచేసరికి గొంతు పూర్తిగా పోయింది. మిరియాల పాలు తాగాడు, ఉప్పునీళ్లు పుక్కిలించాడు. ఊహూఁ, గాలి తప్ప మాట రాలేదు. సభ్యుల్లో చాలామంది ఆఖరి రోజుదాకా తేల్చుకోని రకం. సరిగ్గా ఆ రోజే ఫోన్ల వరద మొదలైంది.

"కెప్టెన్‌గారూ, నా నలుగురి పేర్లూ రాసుకోండి... హలో? ఉన్నారా?" ఓడల సరుకు ఏజెంటు సూరిబాబు అడుగుతూనే ఉన్నాడు. త్రివిక్రమరావు గొంతులోంచి పాత తలుపు కిర్రుమన్నట్టు చప్పుడొకటి వచ్చింది. సూరిబాబు పెట్టేశాడు. మళ్లీ చేశాడు. నాలుగోసారి, "మాట్లాడ్డం ఇష్టం లేకపోతే అదైనా చెప్పెయ్యండి సార్, ఎందుకొచ్చిన గొడవ!" అని విసుక్కున్నాడు.

ఇంక లాభం లేదని త్రివిక్రమరావు ఫోన్‌లో హైమవతికి మెసేజ్ రాశాడు. గొంతు పోయింది, పని మీరు చూసుకోండి అని. పంపడానికి వేలు రాలేదు. ఈ ఒక్కసారి ఇచ్చేస్తే ఇంకెప్పటికీ తిరిగి రాదనిపించింది. రేపు పొద్దున్నకి గొంతు వచ్చేస్తుందిలే అని తనకు తనే చెప్పుకుని, మెసేజ్ చెరిపేశాడు. సంగతి తెలిస్తే పని చేజారుతుందని మిగతావాళ్లకీ ఆ ముక్క రాసి పంపలేదు.

గొంతు రాలేదు. గురువారం మధ్యాహ్నం టీవీలో ఎవడో తెల్ల టోపీవాడు తొలి బంతి కొట్టాడు. అంతే, ఫోన్ మోగడం ఆగిపోయింది. గొంతు పోకముందే పేర్లిచ్చిన వాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంతమంది. మిగతావాళ్లు, ముసలాయనకి పొగరెక్కి పందెం మానేశాడనుకున్నారు.

శుక్రవారం పొద్దున్న సుగుణమ్మ ఫోన్ చేసింది. "బాబుగారూ, బియ్యం అడుగంటాయండి. ఏటా నిన్నటికే ఇంత వస్తదని చెప్పేవోరు కదా, అందుకని అడుగుతన్నాను. హలో? బాబుగారూ? పనిలో ఉన్నారు గావాల, పోన్లెండి."

ఆయన ఆటో ఎక్కి పరుగున వంటశాలకి వెళ్లాడు. పొయ్యి ఆర్పేసి ఉంది. చూరు కింద తడవకుండా ఒదిగి, ఖాళీ క్యారేజీ ఒళ్లో పెట్టుకుని, పాడేరు వైపు నుంచి వచ్చిన ఒక ఆడమనిషి కూర్చుని ఉంది.

"అన్నం ఎప్పుడు పెడతారు బాబూ? మా ఆయనకి మందులేసుకునే వేళయింది" అంది.

ఆయన నోరు తెరిచాడు. మాట రాలేదు. ఈ బాబుకి చెప్పడం ఇష్టం లేదనుకుందో ఏమో, ఆమె ఇంకేం అడక్కుండా లేచి వానలోకి వెళ్లిపోయింది. ఆయన అప్పటికప్పుడు సొంత డబ్బుతో ఒక బస్తా తెప్పించాడు. అన్నం ఉడికేసరికి వార్డుల్లో వెతికాడు. ఆమె కనిపించలేదు. పైగా తన ఒక్క పెన్షన్‌తో వానాకాలం అంతా వంటశాల నడుస్తుందా?

అక్కడినుంచి తిన్నగా హైమవతి క్లినిక్‌కి వెళ్లాడు. "పన్ను నొప్పా? నోరు తెరవండి" అంది ఆవిడ. ఆయన తల అడ్డంగా ఊపి, ఫోన్‌లో రాసి చూపించాడు. గొంతు లేదు. బుధవారం నుంచి.

"అయ్యో రామ! ఒక్క మెసేజ్ పెడితే సరిపోయేది కదండీ!"

ఆయన మళ్లీ రాశాడు. మీకిచ్చేస్తే నాకింకెవరూ ఫోన్ చెయ్యరని భయపడ్డాను.

హైమవతి చేతి తొడుగులు తీసేసింది. కుర్చీ లాక్కుని ఆయన ఎదురుగా కూర్చుంది. "ఈ రాత్రితో ఆటలో వెనకబడ్డ సగంమంది ఇంటికెళ్లిపోతారు. మిగిలినవాళ్లు శని, ఆదివారాలు ఆడతారు. వాళ్లలోంచి కొత్తగా నలుగురిని ఎంచుకోమందాం. రేపటి తొలి బంతి దాకా పేర్లు తీసుకుందాం. నియమం మారుస్తారా?" అంది.

దేవుడు దిగొచ్చినా మార్చనన్న మనిషి, తల ఊపాడు.

శనివారం పొద్దుటికల్లా గ్రూపు నిండిపోయింది. చందాలు ఎప్పటికంటే ఎక్కువే వచ్చాయి. కెప్టెన్ ఫోన్ మాత్రం ఒక్కసారీ మోగలేదు. ఆయన భయపడ్డదే జరిగింది. ఫోన్ పక్కన పెట్టుకుని ఆ పగలంతా కూర్చున్నాడు. ఏడుపొచ్చింది, ఏడ్చాడు. చూసేవాళ్లెవరున్నారు గనక!

ఆదివారం సాయంత్రం వీధి తలుపు దబదబా బాదారు. సూరిబాబు. "డాక్టరుగారు సంగతంతా చెప్పారు. క్లబ్బులో అందరం టీవీ ముందు కూర్చున్నాం సార్. మీరు రండి."

త్రివిక్రమరావు గొంతు చూపించి, మాట రాదన్నట్టు చెయ్యి తిప్పాడు.

"మీ గొంతుతో నాకేం పనండీ బాబూ! చెప్పులేసుకోండి" అన్నాడు సూరిబాబు.

అన్నేళ్లు పందెం నడిపిన ఆయన, ఆ ఆటని పదిమందితో కలిసి చూడటం అదే మొదలు. ఎప్పుడూ ఫోన్ పక్కనే కూర్చునేవాడు మరి. బెంచీ మీద ఇద్దరు జరిగి చోటిచ్చారు. ఎవరో పకోడీల ప్లేటు ఆయన ఒళ్లో పెట్టారు. బంతి గుంటలో పడ్డప్పుడల్లా అందరూ అరిచారు, ఆయన చప్పట్లు కొట్టాడు.

సోమవారం చందా బియ్యంతో వంటశాల పొయ్యి వెలిగింది, గెలిచిన సభ్యుడు గరిటె పట్టి వడ్డించాడు. కెప్టెన్ అక్కడే నిలబడి, వరసలో వచ్చిన ప్రతి మొహాన్నీ చూశాడు. క్యారేజీ పట్టుకున్న ఆ మనిషి రాలేదు. భర్తని ఊరికి తీసుకెళ్లిపోయిందట, నయమయ్యో కాకో ఎవరికీ తెలియదు.

నీతి: మంచి పనిని నాదేనని గుప్పిట బిగిస్తే ఆకలితో వచ్చినవాళ్లూ దూరమవుతారు, తోడుండాల్సినవాళ్లూ దూరమవుతారు, సాయం అడగడానికి సిగ్గుపడకూడదు, ఆలస్యం అసలే చెయ్యకూడదు.