మూడుసార్లు అడిగిన ఎర్నమ్మ

అనగనగా అని మొదలుపెట్టే అవ్వల ముత్తవ్వలు కూడా పుట్టని కాలం. కొండకీ సముద్రానికీ మధ్య ఒక ఊరు. ఆ ఊళ్ళో ఎర్నమ్మ అనే మంత్రసాని. హస్తవాసి మంచిదని పేరు. నోరు మాత్రం ఆగేది కాదు. ఎవరేం చెప్పబోయినా సగంలో అందుకుని, మిగతా సగం తనే చెప్పేసేది.

గున్నమ్మ అని ఒక నిండు చూలాలు ఒకనాడు ఆమె గుమ్మానికి మూడుసార్లు వచ్చింది. "పెద్దమ్మా, బిడ్డ..." అనేలోగా ఎర్నమ్మ అందుకుంది. జీలకర్ర నీళ్ళు తాగమంది. రెండోసారి, తొలిచూలు భయమంది. మూడోసారి, పోయి పడుకోమంది.

బిడ్డ బతకలేదు.

గున్నమ్మ తిట్టలేదు. "పొద్దుటి నుంచీ కదలట్లేదని చెబుదామనే వచ్చాను పెద్దమ్మా" అంది, అంతే.

ఎర్నమ్మకి మూడు రోజులు ముద్ద దిగలేదు. ఆనాటి నుంచి ఎదుటి మనిషి ముగించేదాకా నోరు విప్పకూడదనుకుంది. మాట గొంతుదాకా వచ్చేది. పళ్ళ బిగువున ఆపేది. ముగించాక కూడా "ఇంకా చెప్పమ్మా" అని మూడుసార్లు అడిగేది. అలా ఏళ్ళ తరబడి నేర్చుకుంది.

ఒక ఏడు ఊరి నాయుడిగారి కోడలు సూరీడమ్మకి నొప్పులొచ్చాయి. ఏమడిగినా అత్తగారే జవాబు చెబుతోంది. ఎర్నమ్మ ఆవిణ్ణి నీళ్ళు కాచమని పంపి, పిల్ల పక్కన కూర్చుంది.

"చెప్పమ్మా."

నడుం లాగుతోందంది.

"ఇంకా చెప్పమ్మా."

నిద్ర లేదంది.

"ఇంకా చెప్పమ్మా."

పిల్ల అత్తగారు వెళ్ళిన గుమ్మం వైపు చూసింది. ఎర్నమ్మ కదలకుండా కూర్చుంది.

"రెండు పక్కలా తన్నుతున్నారమ్మా. చెబితే అందరూ నవ్వారు."

ఎర్నమ్మ నవ్వలేదు. మగపిల్లాడు పుట్టాడు. ఇంటిల్లిపాదీ సంబరంలో పడ్డారు. ఎర్నమ్మ మాత్రం చెయ్యి కడుక్కోలేదు. రెండో బిడ్డ అడ్డం తిరిగి ఉంది. మెల్లగా సర్దింది. ఆడపిల్ల కేరుమంది. తల్లీ దక్కింది.

ఎర్నమ్మ పోయిననాడు నాయుడిగారి కుటుంబం వీధిలోకొచ్చి నిలబడింది. గున్నమ్మ కూడా వచ్చింది. ఎర్నమ్మ తలకి నూనె రాసి, తానే దువ్వింది.

ఇప్పటికీ ఆ పక్క ఊళ్ళలో నొప్పులు పడే పిల్ల దగ్గర పెద్ద ముత్తైదువ కూర్చుని మూడుసార్లు అడుగుతుంది. అడిగినంతసేపూ ఇంట్లో ఎవరూ మాట్లాడరు, ఆఖరికి అత్తగారు కూడా. ఎవరైనా ఓపిగ్గా వింటే "నీది ఎర్నమ్మ చెవి" అంటారు. ఆ మాట అనిపించుకున్నవాళ్ళు నలుగురిలో తలెత్తుకు తిరుగుతారు.