సింహాల నోళ్ళు మూయించిన దొరబాబు

మండపేట దొరబాబుకి తన తెలివి మీద భలే గురి. "మనింటి తెలివి కాస్త అరువిస్తే ఈ వీధంతా కలెక్టర్లే!" అనేవాడు. పెళ్ళాం చంటమ్మా, బావమరిది వీర్రాజూ "మరే, మరే" అని తలూపేవాళ్ళు. అంత తెలివి మండపేటలోనే మగ్గిపోతే ఎలా? ముగ్గురూ టూరు వాళ్ళతో విమానమెక్కి స్పెయిన్ దేశం చూడబోయారు.

అక్కడ వెనకటి సుల్తానులు కట్టించిన కోట ఉంది. గోడల నిండా చెక్కిన లతలు, తోట నిండా నారింజ చెట్లు, ఎటు చూసినా గలగలమనే కాలవలు. తిప్పి చూపించే గైడు శ్రీహరి మన తెలుగువాడే. పాపం, కొత్తగా చేరాడు. ఉద్యోగం నిలబడితేనే పిల్లనిస్తానన్నాడు మేనమామ.

"గోడల మీద చెయ్యి వెయ్యకండి" అన్నాడు శ్రీహరి.

అంతే. చంటమ్మ చేతులు వెనక్కి కట్టుకుని బుగ్గ ఆనించింది. "ఎంత చల్లగా ఉందో, ఏమండీ!" అంది. దొరబాబు హాయిగా వీపు రుద్దుకున్నాడు. వీర్రాజు నాలిక చాపేసరికి శ్రీహరి అతని చొక్కా పట్టుకు లాగాడు.

తర్వాత పాలరాతి సింహాల ముంగిట్లోకొచ్చారు. సింహాల నోళ్ళలోంచి నీళ్ళు ధారగా పడుతున్నాయి.

"బావా, వీటికి వాంతులు!" అన్నాడు వీర్రాజు.

"అయ్యో, ఏం తిన్నాయో!" అని గోల పెట్టింది చంటమ్మ.

జనమంతా ఇటే చూస్తున్నారు. శ్రీహరి తల పట్టుకుని, "అబ్బబ్బ, ముందా నోళ్ళు మూయండి!" అన్నాడు.

ఇంకేముంది! దొరబాబు సంచీలోంచి సున్నుండలు తీశాడు. సింహానికొకటి కుక్కేశారు ముగ్గురూ. నీళ్ళు ఊరుకుంటాయా? ఉండలన్నీ ఠప్పుమని ఎగిరి ఫోటోలు దిగేవాళ్ళ మొహాలకి తగిలాయి. ఒక ధార సూటిగా దొరబాబు నోట్లోకే వచ్చింది.

"ఎవరు చేశారీ పని? నీళ్ళు నమలకుండా చెప్పండి!" అని అరిచాడు శ్రీహరి.

"నమల్లేదు బాబూ, మింగేశాను" అన్నాడు దొరబాబు.

అవతల్నుంచి కాపలావాళ్ళు ఈలలేస్తూ పరిగెత్తుకొస్తున్నారు. శ్రీహరి, "ఇంకా చూస్తారేం? కాళ్ళకి బుద్ధి చెప్పండి!" అని తోటలోకి ఉరికాడు.

ముగ్గురూ అక్కడే చతికిలబడ్డారు. దొరబాబు మోకాలు నిమురుతూ, "చూడమ్మా కాలూ, పరాయి దేశం వచ్చాం. బురద తొక్కకు, ఎవర్నీ తన్నకు" అని మొదలెట్టాడు. చంటమ్మ కాళ్ళు నెమ్మదైనవి, ఇట్టే విన్నాయి. వీర్రాజు ఎడంకాలికి మాత్రం రెండు దెబ్బలు వెయ్యాల్సొచ్చింది.

కాపలావాళ్ళు ముగ్గుర్నీ పట్టుకున్నారు, తోటలో శ్రీహరినీ పట్టుకున్నారు. చివాట్లన్నీ అతనికే. మళ్ళీ ఈ గుమ్మం తొక్కొద్దని మెళ్ళో గైడు బిళ్ళ లాక్కున్నారు.

శ్రీహరి నారింజ కుండీల పక్కన కూలబడిపోయాడు. "అయిపోయింది! మేనమామ ముందు నా తలెక్కడ పెట్టుకోనూ!" అని వలవలా ఏడ్చాడు.

దొరబాబు మనసు కరిగిపోయింది. పరాయి దేశంలో మనవాడు, తల పెట్టుకోడానికి చోటు లేదంటే చూస్తూ ఊరుకుంటామా? నారింజ మొక్కని మట్టితో సహా పెరికి చంటమ్మ చేతికిచ్చాడు. ఖాళీ కుండీని శ్రీహరి తలకి బోర్లించి, భుజాల దాకా గట్టిగా దిగ్గొట్టాడు.

"తియ్యండి! బాబోయ్, తియ్యండి!" అని లోపల్నుంచి కేకలు.

"తీస్తే మళ్ళీ ఎక్కడ పెట్టుకుంటారండీ?" అని బుజ్జగించాడు దొరబాబు. "సరిగ్గా సరిపోయింది. మీ మావయ్యగారికి అలాగే చూపించండి."