నోరు మాత్రం ఆడించు

తాను గొంతెత్తితే ఏడూళ్లు ఉలిక్కిపడతాయని చాపలల్లే ఆబేలు గొప్పలు పోయేవాడు. ఉలిక్కిపడేది ఆ ఊళ్ల గేదెలేనని వెంటనే తనే ఒప్పుకునేవాడు.

వాళ్ల పాలెం చర్చిలో పాటల పెద్ద జకర్యా ఆడింది ఆట. క్రిస్మస్ ముందురోజు ఆయన ఆబేలును పక్కకు పిలిచాడు. "నీదేరా అపస్వరం! రేపు నోరు మాత్రం ఆడించు. శబ్దం వచ్చిందో, పాటల గుంపులోంచి తీసేస్తా. ఎవరికీ చెప్పకు."

పాడకుండా పండగేమిటని ఆబేలు మనసు చివుక్కుమంది. ఆరా తీస్తే మిగతా తొమ్మిదిమందికీ ఇదే మాట చెప్పాడట! ఆబేలు బుర్ర గిర్రున తిరిగింది. అందరిదీ అపస్వరమే అయితే రేపు పాడేదెవరు?

"పెద్దయ్య చెప్పినట్టే చేద్దాం," అన్నాడు వాళ్లతో.

మర్నాడు జకర్యా చేయెత్తాడు. పది నోళ్లూ తెరుచుకున్నాయి, పాడుతున్నట్టు ఆయన నోరూ ఆడింది. చప్పుడు మాత్రం లేదు. జనం చెవులు రుద్దుకున్నారు. పాస్టరుగారు అయోమయంగా అటూ ఇటూ చూశారు.

"ఏమర్రా, పాడరేం?" గద్దించాడు జకర్యా.

"మీరు చెప్పినట్టే పదిమందిమీ నోరే ఆడిస్తున్నాం పెద్దయ్యా," అన్నాడు ఆబేలు వినయంగా. "మీకెవరూ అలా చెప్పలేదు కదా, మరి మీ గొంతు వినపడదేమండీ?"

జకర్యా చెమట తుడుచుకుని గొణిగాడు. "అందరూ పాడండిరా నాయనా! నాకు చేతులూపడమే గానీ, పాడటం రాదు. అపస్వరం ఎవరిదో తెలియక అందరికీ అదే మాట చెప్పా."