మూడో వన్స్‌మోర్

అనగనగా ఒక అడవి. ఆ అడవికి నాటకాలంటే మహా పిచ్చి. ఆట ఉందని డప్పు మోగితే చాలు, కుందేళ్ళు తింటున్న గడ్డి వదిలేసి పరుగెత్తేవి. ఏనుగులైతే పొద్దున్నే వచ్చి ముందు వరసలో కూర్చునేవి. వెనకవాళ్ళకి ఏమీ కనపడటం లేదని రోజూ ఒకటే గొడవ!

ఆ నాటక సమాజానికి యజమాని గవరయ్య అనే నక్క. అందులో అందరికన్నా పేరున్న నటి కనకాంగి అనే గోరింక. రాణి వేషం కట్టి, పచ్చటి కళ్ళు తిప్పుతూ ఆమె పద్యం ఎత్తుకుందంటే అడవంతా ఊగిపోయేది. "వన్స్‌మోర్! వన్స్‌మోర్!" అని ఒకటే కేకలు. కేక పడితే మళ్ళీ పాడాలి. అది అక్కడి ఆచారం.

ఇంకో ఆచారం కూడా ఉంది. ఇది బాగా గుర్తుపెట్టుకోండి. ఆట ముగియాలంటే వేషం కట్టినవాళ్ళంతా వరసగా నిలబడి మంగళం పాడాలి. మంగళం పాడేశాక సాక్షాత్తు పులిరాజు అడిగినా తెర లేవదు. అయితే ఒక్కరే పాడితే చెల్లదు. అందరూ కలిసి పాడాల్సిందే.

ప్రతి వన్స్‌మోర్‌కీ జనం పళ్ళు విసిరేవారు. ఆ పళ్ళన్నీ గవరయ్య బుట్టలోకే పోయేవి. అందుకని ఆ జిత్తులమారి తన మేనల్లుళ్ళని జనంలో కూర్చోబెట్టి, వాళ్ళ చేతే మొదటి కేక వేయించేవాడు!

ఒకసారి రాక్షసుడి వేషం కట్టే ఎలుగుబంటి వీరన్న గదతో గాల్లోకి ఎగిరి దూకాడు. జనం వన్స్‌మోర్ అన్నారు. మళ్ళీ దూకాడు. మళ్ళీ అన్నారు. ఈసారి పాపం కాలు జారి కిందపడ్డాడు. కాలు విరిగింది.

"వేషం కట్టనివాడికి తిండెందుకు?" అన్నాడు గవరయ్య. వీరన్న వాటా ఆపేశాడు.

నటులందరికీ ఒళ్ళు మండిపోయింది. నేరేడు చెట్టు కింద చేరి సంఘం పెట్టుకున్నారు. తలా గుప్పెడు గింజలు తెచ్చి ఒక బుట్టలో పోశారు. ఎవరైనా మంచాన పడితే ఆ బుట్టలోంచి తిండి. ఏ పాటైనా రెండు వన్స్‌మోర్‌లే, మూడోది అడిగితే అందరూ వచ్చి మంగళం పాడేయడమే. ఎవరినైనా అన్యాయంగా గెంటేస్తే ఆ వేషం ఇంకొకరు కట్టకూడదు. అదీ వాళ్ళ కట్టుబాటు.

వీరన్న కుంటుకుంటూ కనకాంగి దగ్గరికి వచ్చాడు. "నువ్వూ చేరమ్మా! నీ గొంతు మా అందరికీ ప్రాణం" అన్నాడు.

కనకాంగి అద్దంలో బొట్టు దిద్దుకుంటూ నవ్వింది. "నాకెందుకు అన్నా సంఘం? నా గొంతే నాకు అండ. నేను పాడకపోతే నాటకమే లేదు కదా!"

గవరయ్య ఈ మాట విని పొంగిపోయాడు. "అదీ మాటంటే! చప్పట్లు రానివాళ్ళకి కావాలి సంఘాలు. నీకు నేను లేనూ? ఎన్నిసార్లడిగితే అన్నిసార్లు పాడతానని మాటివ్వు తల్లీ, నిన్ను నెత్తిన పెట్టుకుంటాను" అన్నాడు. కనకాంగి ఉబ్బిపోయి మాటిచ్చేసింది.

వసంతోత్సవం వచ్చింది. అబ్బో, ఏం జనం! చెట్ల మీద కోతులు, కొమ్మలకి గబ్బిలాలు, మూడు కొండల అవతలి నుంచి జింకల మందలు! కనకాంగి రాణి పద్యం ఎత్తుకుంది. కేకలతో కొండలు మోగాయి. మళ్ళీ పాడింది. మళ్ళీ కేకలు. మళ్ళీ పాడింది. గొంతులో మంట మొదలైంది.

"వన్స్‌మోర్!" అని గవరయ్య మేనల్లుళ్ళు మూడోసారి అరిచారు.

తెర పక్క నుంచి వీరన్న మెల్లగా పిలిచాడు. "చాలమ్మా, గొంతు పోతుంది! ఒక్క సైగ చెయ్యి. అందరం వచ్చి మంగళం పాడేస్తాం. నువ్వు సంఘంలో లేకపోయినా ఫరవాలేదు."

కనకాంగి జనం వైపు చూసింది. పళ్ళు వానలా పడుతున్నాయి. తన పేరు పెట్టి అరుస్తున్నారు. ఆమె తల అడ్డంగా ఊపి మళ్ళీ పద్యం ఎత్తుకుంది.

ఒకసారి, రెండుసార్లు, ఇంకా, ఇంకా! చివరికి పద్యం మధ్యలో గొంతు కీచుమంది. నోరు తెరిచింది, గాలి తప్ప ఏమీ రాలేదు. జనం గొల్లున నవ్వారు. ఇందాక పళ్ళు విసిరినవాళ్ళే తొక్కలు విసిరారు. కనకాంగి గుండె పగిలిపోయింది.

మర్నాడు గవరయ్య ఆమె కిరీటం లాక్కున్నాడు. "గొంతు లేని గోరింకతో నాకేం పని? పో!" అన్నాడు.

ఆ సాయంత్రమే పక్క అడవి నుంచి కోయిలని పిలిపించాడు. కనకాంగి తెర వెనక నక్కి చూస్తోంది. తన కిరీటం కోయిల తలకి దగ్గరగా వెళ్తోంది. ఆమె కళ్ళు నీళ్ళతో నిండాయి. కోయిల పాడిందంటే ఇక తనని తలుచుకునేవారే ఉండరు!

"ఆగండి! ఈ కిరీటం నిన్నటిదాకా ఎవరిది?" అని అడిగింది కోయిల.

"అదంతా నీకెందుకు?" అన్నాడు గవరయ్య.

"కనకాంగిదమ్మా! పాడీ పాడీ గొంతు పోతే గెంటేశాడు" అన్నాడు వీరన్న.

కోయిల చటుక్కున వెనక్కి జరిగింది. "మా అడవిలోనూ సంఘం ఉంది బాబూ. గొంతు పోయిందని గెంటేసిన చోట నేను నిలబడను. రేపు నా గొంతూ పోవచ్చు కదా?"

ఆ మాటతో నటులందరూ వేషాలు విప్పి కింద పెట్టారు. అవతల జనం కాళ్ళు నేలకేసి కొడుతున్నారు. "ఆట! ఆట!" అని అడవి దద్దరిల్లిపోతోంది.

గవరయ్యకి చెమటలు పట్టాయి. "కనకాంగి మీ సంఘం మనిషి కాదుగా!" అని అరిచాడు.

"కాదు. కానీ మా తోటి నటి" అన్నాడు వీరన్న. "గొంతు బాగయ్యేదాకా ఆమెకి తిండి పెట్టాలి. బాగయ్యాక ఆమె వేషం ఆమెకివ్వాలి. మూడో వన్స్‌మోర్ ఎవరికీ ఉండకూడదు. ఒప్పుకుంటే ఇప్పుడే తెర లేపుతాం!"

ఒక ఏనుగు అప్పుడే వేదిక బల్ల ఎక్కేసింది. బల్ల విరిగింది. గవరయ్య తోక ముడిచి, "సరే, సరే! అన్నీ సరే!" అన్నాడు.

కనకాంగికి మాట్లాడటానికి గొంతు లేదు. గిరుక్కున తిరిగి ఎగిరిపోయింది. అందరూ ఆమె వెళ్ళిపోయిందనుకున్నారు. కాసేపటికి ముక్కు నిండా గింజలతో వచ్చి, సంఘం బుట్టలో పోసి, వీరన్న ముందు తల వంచి నిలబడింది.

"రా తల్లీ, రా!" అంటూ వీరన్న ఆమెని భుజం మీద ఎక్కించుకున్నాడు. ఆ రోజు రాణి వేషం లేకుండానే ఆట ఆడి అందరినీ కడుపుబ్బ నవ్వించారు.

వానలు వెలిసేసరికి కనకాంగికి గొంతు వచ్చింది. మళ్ళీ కిరీటం పెట్టుకుని పద్యం ఎత్తుకుంది. మునుపటి కన్నా తియ్యగా ఉంది! వన్స్‌మోర్ అన్నారు, పాడింది. ఇంకోసారి అన్నారు, పాడింది. అప్పుడు గవరయ్య మేనల్లుళ్ళు పాత అలవాటు కొద్దీ మూడో కేక వేశారు.

కనకాంగి రెక్క పైకెత్తింది. అంతే! తెర పక్క నుంచి కోతి విదూషకుడు, నెమలి నాట్యగత్తె, సగం మీసం ఊడిన రాక్షసుడు వీరన్న, అందరూ బిలబిలమంటూ వచ్చి ఆమె పక్కన వరస కట్టారు. మంగళం మొదటి చరణం కనకాంగే ఎత్తుకుంది. రెండో చరణానికి అందరి గొంతులూ కలిసి అడవంతా నిండిపోయాయి. జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. ఆనందంతో ఇళ్ళకి వెళ్ళారు. రేపటి పద్యానికి కనకాంగి గొంతు పదిలంగా ఉంది.

నీతి: ఎంత గొప్ప కళాకారుడైనా ఒంటరిగా 'ఇక చాలు' అంటే ఎవరూ వినరు, తోటివాళ్ళతో సంఘంగా నిలబడి అంటేనే ఆ మాట చెల్లుతుంది.